తొమ్మిది గొంతుల కార్డు

పాత పీసీల్లో సంగీతం కోసం పెట్టుకున్న సౌండ్ కార్డు యాడ్‌లిబ్. దాని మీద 440 హెర్ట్జ్ స్వరం ఒకటి పలికించాలంటే చివరికి రాయాల్సినవి రెండే సంఖ్యలు. ఎ0 అనే రిజిస్టర్‌లో, అంటే చిప్ లోపల సంఖ్య పెట్టుకునే గడిలో, 44, బి0 అనే రిజిస్టర్‌లో 32. రెండూ హెక్సాడెసిమల్ లెక్కలో, అంటే పదికి బదులు పదహారు చొప్పున లెక్కించే పద్ధతిలో. రెండో సంఖ్య పడీ పడగానే స్వరం మొదలవుతుంది. ఆపాలంటే అదే బి0లో 12 రాయాలి. ఎంతసేపు మోగాలో ముందే చెప్పే వీలు లేదు, అది ప్రోగ్రామ్ చూసుకోవాల్సిన పని. అందుకే పాత డాస్ ఆటలు మధ్యలో క్రాష్ అయితే తెర నల్లబడ్డాక కూడా ఒక్క స్వరం గుయ్‌మంటూ అలాగే ఉండిపోయేది. 12 రాయాల్సిన ప్రోగ్రామ్ పోయింది, కార్డు మాత్రం చెప్పిన పని చేస్తూనే ఉంది.

ఇప్పటి ఫోన్‌లో పాట అంటే ఒక ఫైలు. ఎవరో పాడి, వాయించి, రికార్డు చేసిపెట్టిన దాన్ని యంత్రం తిరిగి వినిపిస్తుంది. 1987 నాటి ఈ కార్డులో రికార్డు చేసిన శబ్దం వినిపించడానికి ప్రత్యేకంగా దారి లేదు. ఇది ప్లేయర్ కాదు, వాయిద్యం. వాయించడానికి చేతులుండవు కాబట్టి ఆ పని కంప్యూటర్ చెయ్యాలి. ఒకే చిప్ ఒక ఆటలో చవక బొమ్మలా కీచుమనడం, ఇంకో ఆటలో గంభీరంగా పలకడం ఇందువల్లే. తేడా కార్డులో లేదు, దాని రిజిస్టర్ల దాకా వెళ్లి రాసింది ఎవరన్న దాంట్లో ఉంది.

అంతకుముందు పీసీలో ఉన్నది చిన్న స్పీకర్ ఒక్కటే. కంప్యూటర్ లోపలి టైమర్ సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 2,712తో భాగిస్తే ఇంచుమించు 440 హెర్ట్జ్ వస్తుంది. ఆ లెక్కన స్పీకర్‌ను ఆన్, ఆఫ్ చేస్తే ఒక బీప్. ఒకసారికి ఒకే స్వరం, గట్టిగా మెల్లగా అన్న తేడా ఉండదు, ఏ రాగమైనా ఒకే ముక్కుగొంతు. రెండు స్వరాలు కలిసి వినపడాలంటే వాటిని వేగంగా మార్చి మార్చి వాయించి చెవిని మోసం చెయ్యాలి. ఆఫీసు పనికి తయారైన యంత్రం కాబట్టి తప్పు జరిగితే కూత పెట్టడానికి అది చాలనుకున్నారు.

యాడ్‌లిబ్ పుట్టింది కెనడాలోని క్విబెక్ నగరంలో. స్థాపకుడు మార్టిన్ ప్రెవెల్ లావల్ విశ్వవిద్యాలయంలో సంగీతం బోధించిన ప్రొఫెసర్. పెట్టె మీద ఉన్న పేరు కూడా ఆటల కార్డు అనిపించేది కాదు: పర్సనల్ కంప్యూటర్ మ్యూజిక్ సిస్టమ్. కార్డుతో పాటు సొంతంగా సంగీతం కూర్చుకోవడానికి విజువల్ కంపోజర్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లు. కార్డు మీద చెప్పుకోదగ్గది యమహా తయారుచేసిన వైఎం3812 చిప్ ఒక్కటే. దాన్నే ఓపీఎల్2 అంటారు. దాని పక్కన అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే ఇంకో చిన్న చిప్, ఒక ఆంప్లిఫయర్, వెనకవైపు వాల్యూమ్ తిప్పే చక్రం. అంటే ఎవరైనా బజారులో భాగాలు కొని కాపీ కొట్టగలిగేంత సులువైన కార్డు. అందుకే కంపెనీ చిప్‌ల మీది నంబర్లను గీకేసి అమ్మింది. ఆ జాగ్రత్త ఎన్నాళ్లు నిలిచిందో తర్వాత చూద్దాం.

ఈ చిప్ శబ్దం పుట్టించే పద్ధతి ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, అంటే ఎఫ్ఎం. రేడియోలో వినే ఎఫ్ఎంకూ దీనికీ లెక్క ఒకటే, వాడకం వేరు. దీన్ని కనిపెట్టిన జాన్ చౌనింగ్ 1967లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్‌తో కంపనం మీద ప్రయోగాలు చేస్తున్నాడు. గమకాలు విన్న చెవికి ఇది తేలిగ్గా అందే సంగతి. ఒక స్వరాన్ని సెకనుకు ఐదారుసార్లు అటూ ఇటూ ఊపితే ఊపు ఊపుగానే వినిపిస్తుంది, కంపితంలా. ఊపు వేగం పెంచుకుంటూ పోయి సెకనుకు వందల సార్లకు చేరిస్తే చెవి దాన్ని ఊపుగా గుర్తించడం మానేస్తుంది. స్వరం నిలకడగానే ఉన్నట్టుంటుంది కానీ గొంతు మారిపోతుంది. మొద్దుగా ఉన్నది కాస్తా ఇత్తడిలా మోగుతుంది, లేదా గంటలా. రెండు సాదా తరంగాలతో, వాటి నిష్పత్తి మార్చుకుంటూ, ఇన్ని గొంతులు తెప్పించవచ్చని తేలింది. యమహా 1970ల మధ్యలో ఈ పద్ధతి మీద లైసెన్సు తీసుకుంది. 1983లో వచ్చిన డీఎక్స్7 సింథసైజర్ దాని ఫలితమే. ఆ తర్వాత అదే పద్ధతిని బాగా కుదించి చవక చిప్‌లలో పెట్టింది.

ఎంత కుదించిందంటే, డీఎక్స్7లో ఒక్కో స్వరానికి ఆరు తరంగాలు ఒకదాన్నొకటి ఊపుకోవచ్చు, ఓపీఎల్2లో రెండే. ఊపేది మాడ్యులేటర్, ఊగేది క్యారియర్. ఇలాంటి జంటలు తొమ్మిది, అంటే ఒకేసారి తొమ్మిది గొంతులు. డప్పులు కావాలనుకుంటే చివరి మూడు జంటలను వాటికి అప్పగించాలి. అప్పుడు ఆరు గొంతులు, ఐదు తాళవాద్యాలు. పిండి కొద్దీ రొట్టె.

ఒక వాయిద్యాన్ని ఈ చిప్‌కు పూర్తిగా వివరించడానికి 11 బైట్లు చాలు. మాడ్యులేటర్‌కు ఐదు, క్యారియర్‌కు ఐదు, ఇద్దరి సంబంధం చెప్పే బైటు ఒకటి. ఈ పేరాలోని ఒక్క వాక్యం అంతకంటే ఎక్కువ జాగా తింటుంది. ఆ ఐదింటిలో ఏముంటాయంటే, తరంగం మూల స్వరానికి ఎన్నో రెట్టులో ఉండాలి, ఎంత గట్టిగా ఉండాలి, ఎంత వేగంగా లేవాలి, ఎంత వేగంగా పడాలి, నొక్కి ఉంచినంతసేపు నిలవాలా సన్నగిల్లాలా, నాలుగు తరంగ రూపాల్లో ఏది కావాలి. లేవడానికి, పడటానికి విలువలు 0 నుంచి 15 వరకే. గట్టిదనానికి 64 మెట్లు, మెట్టుకు 0.75 డెసిబెల్.

వీణ తీగ మీటిన నాదం తీసుకుంటే ఇందులో కిటుకు తెలుస్తుంది. మీటిన క్షణంలో నాదం పదునుగా ఉంటుంది, తర్వాత మెత్తబడుతూ సన్నగిల్లుతుంది. ఓపీఎల్2లో క్యారియర్ గట్టిదనం మొత్తం శబ్దాన్ని నడిపిస్తే, మాడ్యులేటర్ గట్టిదనం పదునును నడిపిస్తుంది. కాబట్టి రెండింటికీ లేచే వేగం 15 పెట్టి, మాడ్యులేటర్‌ను క్యారియర్ కంటే త్వరగా పడేట్టు చేస్తే చాలు. మొదట టంగుమని, తర్వాత మెత్తగా. మీటే వాయిద్యాలు, చెక్క పలకలను కొట్టి వాయించే మరిమ్బా లాంటివి, ఎలక్ట్రిక్ పియానో, బేస్ గిటార్ ఈ చిప్ మీద నమ్మదగ్గట్టు రావడానికి కారణం ఇదే. వయొలిన్ మాత్రం ఎంత తంటాలు పడ్డా రాదు. కమాను రాపిడిలో క్షణక్షణం మారే గరుకుదనానికి రెండు తరంగాలు చాలవు. వచ్చేది హార్మోనియంకీ అంబులెన్సుకీ మధ్య ఏదో.

ఇంకో ఇరుకు ఉంది. జంటలోని రెండు తరంగాల రెట్లు అర, ఒకటి, రెండు, మూడు ఇలా కట్టుదిట్టమైన విలువలు. ఒకదాన్ని రవ్వంత శ్రుతి తప్పించి పెట్టే వీలు లేదు. నిజమైన వాయిద్యాల నిండుదనం చాలావరకు ఆ రవ్వంత తేడాలోనే ఉంటుంది. దానికి అప్పటివాళ్లు కనిపెట్టిన దారి ఖరీదైనది. ఒకే స్వరాన్ని రెండు గొంతులతో పలికించి, రెండోదాని సంఖ్యను ఒకటి పెంచడం. 440 హెర్ట్జ్ దగ్గర ఆ ఒక్క అంకె తేడా 0.76 హెర్ట్జ్. రెండు గొంతులూ కలిసి 1.3 సెకన్లకు ఒకసారి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి, తంబురాలో జంట తీగల్లా. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ తొమ్మిదిలో రెండు గొంతులు ఒక్క స్వరానికే ఖర్చయ్యాయి. మిగిలింది ఏడు. బేస్‌కు ఒకటి, పల్లవికి ఇది, వెనక ఒకేసారి మోగే స్వరాల గుంపు కావాలంటే మూడు. పాట కట్టేవాళ్లు సంగీతం కంటే ముందు ఈ కూడికలు తీసివేతలు చేసుకునేవాళ్లు.

పై 0.76 అంకె దగ్గరే కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి దాగుంది. అది దాదాపు 3 సెంట్లు. సెంట్ అంటే పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. 440 నుంచి ఒక పూర్తి స్వరం పైకి, అంటే 494 దాకా వెళ్లాలంటే సంఖ్య 580 నుంచి 651 దాకా పెరగాలి. మధ్యలో 71 మెట్లు. స్వరాన్ని ఆపకుండానే ఈ సంఖ్య మారుస్తూ పోవచ్చు. సెకనుకు 700 సార్లు మార్చే ప్రోగ్రామ్ సెకనులో పదో వంతులో ఆ 71 మెట్లూ జారగలదు, చెవికి మెట్టు తగలదు. అంటే జారు చిప్‌కు చేతనయ్యేదే, కంపితమూ చేతనయ్యేదే. చిప్‌లో దానికదే ఊపే స్విచ్ కూడా ఉంది. కానీ అది 7 సెంట్లు లేదా 14 సెంట్లు మాత్రమే, వేగం సెకనుకు ఆరుసార్ల చిల్లర. ఆ ఊపుతో ఏ గమకమూ పలకదు. అసలు అడ్డంకి మాత్రం సాఫ్ట్‌వేర్. కూర్చే ప్రోగ్రాములు ఎక్కువగా పియానో మెట్ల లెక్కలో గడులు గీసి ఇచ్చాయి. గడిలో స్వరం పెట్టొచ్చు, గడికీ గడికీ మధ్య ఉన్న సంగీతాన్ని పెట్టడానికి చోటు తక్కువ.

విండోస్ కాలం వచ్చేసరికి ఇదే కథ ఇంకోలా నడిచింది. 1991లో జనరల్ మిడి అనే ఒప్పందం 128 వాయిద్యాల జాబితా ఖరారు చేసింది. ఏ కార్డు మీదైనా ఒకటో నంబర్ అంటే పియానో కావాలని. ఆ జాబితాలో 105 సితార్, 112 షెహనాయి. వీణ లేదు, మృదంగం లేదు, నాదస్వరం లేదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు గానీ, ఆ తర్వాత దశాబ్దంలో కంప్యూటర్ మీద భారతీయ సంగీతం అనగానే అందరికీ అదే సితార్ గొంతు గుర్తుకు రావడానికి ఈ జాబితా కూడా ఒక కారణమే అనిపిస్తుంది. ఆ సితారైనా ఓపీఎల్ చిప్ మీద 11 బైట్ల సితారే.

ఇక కాలం సంగతి. కార్డులో పాట దాచుకునే మెమరీ లేదు, వరుసగా వాయించే యంత్రాంగం లేదు. లయ మొత్తం పీసీ ప్రాసెసర్ చేతిలో. మామూలుగా పీసీ టైమర్ ప్రోగ్రామ్‌ను తట్టేది సెకనుకు 18.2 సార్లు, అంటే 55 మిల్లీసెకన్లకు ఒకసారి. నిమిషానికి 120 దెబ్బల వేగంలో దెబ్బను నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం 125 మిల్లీసెకన్లు. 125ను 55తో భాగిస్తే రెండు పైచిలుకు. ఆ పైచిలుకే కొంప ముంచుతుంది. ఒక స్వరం రెండు తట్లకు, ఇంకోటి మూడు తట్లకు పడి, తాళం కుంటుతుంది. అందుకే గట్టి ప్రోగ్రామర్లు టైమర్‌నే వేగం పెంచి వాడుకునేవాళ్లు. ఇడ్ సాఫ్ట్‌వేర్ ఆటల్లో కమాండర్ కీన్ సంగీతం సెకనుకు 560 తట్లతో, వుల్ఫెన్‌స్టైన్ 3డీ సంగీతం 700 తట్లతో నడిచింది. పక్కన ఆట కూడా నడవాలి కాబట్టి ప్రతి తట్టులో చేసే పని వీలైనంత తక్కువ ఉండాలి.

ఆ ఆటల సంగీతం ఫైలు తెరిచి చూస్తే స్వరాల పేర్లు కనిపించవు. నాలుగేసి బైట్ల వరుస ఉంటుంది. ఒక బైటు ఏ రిజిస్టర్, ఒక బైటు ఏ విలువ, రెండు బైట్లు తర్వాతి దాని ముందు ఎన్ని తట్లు ఆగాలి. అంతే. స రి గ మలు రాసిన పుస్తకం లాంటిది కాదిది. వేలు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో వరుసగా రాసుకున్న చీటీ. అర్థం చేసుకోవాల్సింది ఏమీ లేదు కాబట్టి ప్రాసెసర్‌కు శ్రమ లేదు.

చిప్ కూడా తొందరపడితే ఊరుకోదు. రిజిస్టర్ నంబర్ చెప్పాక 3.3 మైక్రోసెకన్లు, విలువ రాశాక 23 మైక్రోసెకన్లు ఆగాలని యాడ్‌లిబ్ నియమం. అంత చిన్న వ్యవధిని పీసీ టైమర్‌తో కొలవడం తేలిక కాదు. దానికి వాడిన చిట్కా ముచ్చటగా ఉంటుంది. 388 నంబర్ పోర్టును, అంటే ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే అడ్రసును, ఊరికే ఆరుసార్లు చదవడం, తర్వాత ఊరికే 35 సార్లు చదవడం. చదివిన దాంతో పనేమీ లేదు, చదవడానికి పట్టే సమయమే కావాల్సింది. ప్రాసెసర్ ఎంత వేగంగా ఉన్నా కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య అంకెలు నడిచే దారి (బస్) నెమ్మదిదే కాబట్టి కొత్త మిషన్లలో కూడా ఈ లెక్క చాలావరకు చెల్లింది. ఒక గొంతుకు వాయిద్యం మార్చాలంటే 11 రాతలు, అంటే దాదాపు 0.3 మిల్లీసెకన్లు.

కార్డు బయటికొచ్చిన కొత్తలో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 1988లో సియెర్రా ఆన్‌లైన్ సంస్థ కింగ్స్ క్వెస్ట్ 4 ఆటను యాడ్‌లిబ్‌కూ, రోలాండ్ ఎంటీ-32 అనే పెద్ద సింథసైజర్‌కూ సరిపడా సంగీతంతో విడుదల చేశాక పరిస్థితి మారింది. ఆటకు సినిమాలా నేపథ్య సంగీతం ఉండటం కొనేవాళ్లకు కొత్త. అయితే యాడ్‌లిబ్‌కు చెడ్డపేరు మొదలైంది కూడా ఇలాంటి ఏర్పాటుతోనే అనాలి. ఎంటీ-32 దగ్గర 32 తరంగ భాగాలు, నిజమైన వాయిద్యాల నుంచి తీసిన ముక్కలు, గది ప్రతిధ్వని అన్నీ ఉన్నాయి. ధర వందల డాలర్లు. పరిశ్రమలో చాలామంది సంగీత దర్శకులు మంచి పరికరం ముందు పెట్టుకుని పాట కట్టేవాళ్లు. ఆ తర్వాత దాన్ని తొమ్మిది గొంతులకు కుదించే పని డ్రైవర్ ప్రోగ్రామ్‌కు అప్పజెప్పేవాళ్లు. పది స్వరాలు ఒకేసారి వస్తే ఒకదాన్ని కోసెయ్యడం, వాయిద్యం పేరు చూసి దగ్గర్లో ఉన్న 11 బైట్లను తగిలించడం దాని పని. కచేరీ మొత్తాన్ని మౌత్ ఆర్గాన్ మీద వినిపించి, ఆర్గాన్ బాగాలేదన్నట్టు అయింది వ్యవహారం.

దీనికి ఎదురు ఉదాహరణ ఫ్రాన్స్ నుంచి వచ్చింది. 1992లో క్రయో సంస్థ చేసిన డ్యూన్ ఆటకు స్టెఫాన్ పిక్ సంగీతం. వాయించే డ్రైవర్‌ను అదే బృందంలోని రెమీ ఎర్బులో ప్రత్యేకంగా యాడ్‌లిబ్ కోసం రాశాడు. దాని పేరు హెరాడ్. స్వరం మోగుతుండగానే మాడ్యులేటర్ గట్టిదనాన్ని, శ్రుతిని కదిలిస్తూ పోవడం దాని ప్రత్యేకత. ఆ సంగీతంలో శబ్దం ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. వాడింది మాత్రం అదే చిప్, అవే 11 బైట్లు. అమెరికాలో వుల్ఫెన్‌స్టైన్ 3డీకి సంగీతం కట్టిన బాబీ ప్రిన్స్ లాంటివాళ్లు చిప్ బలహీనతను దాచకుండా, బేస్‌నూ డప్పునూ ముందుకు తోసి గరుకుగా కట్టారు. వయొలిన్లు పెట్టి పరువు పోగొట్టుకోలేదు. ఓపీఎల్2 పనికిమాలిన చిప్ అన్న మాట ఎవరన్నా అంటే, వాళ్లు విన్నది మొదటి రకం పాటలై ఉంటాయి.

1989లో సింగపూర్ నుంచి క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. సిమ్ వాంగ్ హూ స్థాపించిన ఈ కంపెనీ అంతకుముందు గేమ్ బ్లాస్టర్ అనే కార్డు అమ్మింది. అందులో 12 గొంతులున్నా అన్నీ పీసీ స్పీకర్ బంధువులే, పెద్దగా ఆడలేదు. కొత్త కార్డులో ఆ పాత చిప్‌లు ఉంచి, వాటి పక్కన యాడ్‌లిబ్‌లో ఉన్న అదే యమహా చిప్‌ను అదే 388 అడ్రసులో కూర్చోబెట్టింది. గీకేసిన నంబర్లు అడ్డుపడలేదు. యాడ్‌లిబ్ కోసం రాసిన ఆటలన్నీ దీని మీద మారు మాట్లాడకుండా నడిచాయి. ఆపైన జాయ్‌స్టిక్ పోర్టు, మైక్రోఫోన్ రంధ్రం, అన్నిటికంటే ముఖ్యంగా 8 బిట్ల డిజిటల్ శబ్దం వినిపించే ఒక దారి. వినిపించడానికి గరిష్ఠంగా సెకనుకు 23,000 నమూనాలు (శబ్ద తరంగాన్ని కొలిచిన అంకెలు), రికార్డు చేయడానికి 12,000. పాట ఎఫ్ఎం చిప్ చూసుకుంటే, తుపాకీ పేలుడు, తలుపు కిర్రుమనడం, మనిషి కేక ఈ దారిన వచ్చేవి.

మరి పాటనే డిజిటల్‌గా వినిపించొచ్చు కదా అంటే, లెక్క ఒప్పుకోదు. సెకనుకు 11,025 నమూనాలు, నమూనాకు ఒక బైటు చొప్పున, 1.44 ఎంబీ ఫ్లాపీ మొత్తం నింపినా వచ్చేది 2 నిమిషాల 13 సెకన్లు, అదీ టెలిఫోన్ కంటే కాస్త నయం అనిపించే నాణ్యతతో. సీడీ నాణ్యతలో అయితే ఎనిమిది సెకన్లకే ఫ్లాపీ నిండిపోతుంది. అదే ఎఫ్ఎం పాటైతే నిమిషాల కొద్దీ సంగీతం కొన్ని కిలోబైట్లలో సర్దుకుంటుంది. హార్డ్ డిస్క్ 40 ఎంబీ ఉంటేనే గొప్ప అయిన రోజుల్లో ఇది రుచికి సంబంధించిన ప్రశ్న కాదు.

యాడ్‌లిబ్ మాత్రం దెబ్బతింది. స్టీరియో, మెరుగైన డిజిటల్ శబ్దం, యమహా కొత్త చిప్ ఓపీఎల్3 కలిపి యాడ్‌లిబ్ గోల్డ్ అనే కార్డు తేబోయి ఆలస్యం చేసుకుంది. అది బయటికొచ్చేలోపు సౌండ్ బ్లాస్టర్ ప్రో అంగళ్లలో ఉంది. 1992లో కంపెనీ దివాలా తీసింది. ఓపీఎల్3లో గొంతులు 18కి పెరిగాయి, నాలుగు తరంగాలను ఒకే స్వరానికి వాడే వీలు వచ్చింది. చాలా ఆటలు మాత్రం ఆ నాలుగు తరంగాల జోలికే పోలేదు. అందరి దగ్గరా నడవాలంటే పాత తొమ్మిది గొంతుల లెక్కకే రాయాలి మరి.

కార్డు కొన్నాక దాన్ని మోగించడం ఇంకో ఎత్తు. కార్డు మీద చిన్న జంపర్లు తీసి పెట్టి, అడ్రస్ 220, ఇంటరప్ట్ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే తీగ) 5 లేదా 7, డీఎంఏ (కార్డు నేరుగా మెమరీ నుంచి శబ్దం అందుకునే దారి) 1 అని ఎంచుకుని, అవే అంకెలను పీసీ మొదలవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైలులో బ్లాస్టర్ అనే వరుసలో రాయాలి. తొలి సౌండ్ బ్లాస్టర్ మామూలుగా 7 మీద ఉండేది. ప్రింటర్ పోర్టుది కూడా అదే నంబర్. ఆట మొదలెట్టగానే ఒక్క శబ్దం వచ్చి మిషన్ బిగుసుకుపోయిందంటే, చాలావరకు తప్పు ఈ మూడు అంకెల దగ్గరే. తెలుగునాట చాలామందికి సౌండ్ కార్డు పరిచయమైంది 90ల రెండో సగంలో, సీడీ డ్రైవు, రెండు బుల్లి స్పీకర్లతో కలిపి అమ్మిన మల్టీమీడియా కిట్ రూపంలో. అప్పటికి యాడ్‌లిబ్ పేరు పెట్టెల మీద లేదు. కానీ ఆట సెటప్‌లో మ్యూజిక్ కార్డు ఏదని అడిగిన జాబితాలో మాత్రం ఆ పేరు ఇంకా ఉండేది, దాన్ని ఎంచుకుంటే పనిచేసేది కూడా.

సొంతంగా సంగీతం కట్టుకోవాలనుకున్న కుర్రకారు ఎక్కువగా వెళ్లింది ట్రాకర్ల వైపు. 1987లో కార్స్టెన్ ఒబార్స్కీ అమిగా కంప్యూటర్ కోసం చేసిన ప్రోగ్రామ్ వీటికి మూలం. తెర మీద నిలువు గడులు, ఒక్కో గడి ఒక్కో గొంతు, పైనుంచి కిందికి సాధారణంగా 64 వరుసలు. మౌస్ అక్కర్లేదు, టైపింగ్ కీలే పియానో మెట్లు. అమిగాలో నిజమైన శబ్దపు ముక్కలను నాలుగు గొంతుల్లో వినిపించే చిప్ ఉంది కాబట్టి అది సహజంగా కుదిరింది. పీసీ మీద ఫిన్లాండ్ బృందం ఫ్యూచర్ క్రూ చేసిన స్క్రీమ్ ట్రాకర్ 3 డిజిటల్ గడుల పక్కనే తొమ్మిది యాడ్‌లిబ్ గడులు కూడా ఇచ్చింది. జారుడు, కంపనం, స్వరం మధ్యలో గట్టిదనం మార్చడం, ఇవన్నీ పక్క కాలమ్‌లో ఒక అక్షరం, రెండు అంకెలు కొడితే వచ్చేవి. ట్రాకర్ పద్ధతి చూడటానికి లెక్కల పట్టీలా మొరటుగా ఉన్నా, చిప్‌కు దగ్గరగా ఉన్నది అదే. స్వరం పేరు రాసి వదిలెయ్యదు, స్వరానికి క్షణక్షణం ఏం కావాలో అడుగుతుంది.

తర్వాత గ్రావిస్ అల్ట్రాసౌండ్ లాంటి కార్డులు శబ్దపు ముక్కలను తమ మెమరీలోనే దాచుకుని 32 గొంతులు వినిపించాయి. సీడీలు వచ్చి రికార్డు చేసిన పాటనే ఆటలో పెట్టడం మొదలైంది. ఎఫ్ఎం చిప్ కార్డుల మీద మూలకు జరిగి, కొన్నేళ్లకు మాయమైంది.

ఇప్పుడు ఆ సంగీతం వినేవాళ్లలో చాలామందికి కార్డు లేదు. డాస్‌బాక్స్ లాంటి ప్రోగ్రాములు చిప్‌ను లెక్కలతో అనుకరిస్తాయి. ఆ లెక్క ఎంత సరిగ్గా ఉందన్నది చాలాకాలం అంచనా మీదే నడిచింది. 2008 ప్రాంతంలో ఔత్సాహికులు చిప్ పైపొరను కరిగించి, లోపలి సిలికాన్‌ను సూక్ష్మదర్శిని కింద ఫొటో తీసి, అందులో చెక్కిన పట్టికలను అంకెలుగా చదివారు. తేలిందేమిటంటే, ఈ చిప్‌లో శబ్దం గట్టిదనాన్ని హెచ్చవేసే గుణకారమే లేదు. 256 విలువల సైన్ పట్టిక లాగరిథమ్ రూపంలో ఉంది. లాగరిథమ్‌లను కూడితే గుణించినట్టే కదా, ఆ కూడికతోనే పని కానిచ్చేసి, ఇంకో పట్టికతో మామూలు అంకెలోకి తెస్తుంది. స్కూల్లో లాగ్ పుస్తకం తిరగేసి లెక్కలు చేసిన పద్ధతే. ఆ పట్టికలు చేతికొచ్చాక అనుకరణ అచ్చు చిప్‌లా పలకడం మొదలుపెట్టింది.

అయినా పట్టికలతోనే పని పూర్తి కాలేదు. ఓపీఎల్2లో రెండు టైమర్లు ఉన్నాయి, ఒకటి 80 మైక్రోసెకన్ల మెట్టుది, ఇంకోటి 320ది. లయ కోసం యమహా పెట్టినవి, కానీ యాడ్‌లిబ్ కార్డు మీద వాటి ఇంటరప్ట్ తీగను పీసీకి కలపలేదు. సంగీతానికి అవి ఎందుకూ పనికిరాలేదు. ఆటలు మాత్రం కార్డు ఉందా లేదా అని తెలుసుకోవడానికి వాటినే వాడుకున్నాయి. మొదటి టైమర్‌ను మొదలుపెట్టి, 80 మైక్రోసెకన్లు ఆగి, 388 పోర్టు చదివి, జవాబులో పై రెండు బిట్లూ వెలిగాయా అని చూడటం. వెలిగితే సంగీతం ఉంటుంది, లేకపోతే ఆట మూగగా నడుస్తుంది. అందుకే ఈరోజు ల్యాప్‌టాప్‌లో నడిచే ప్రతి అనుకరణ ప్రోగ్రామ్‌లోనూ, పాటతో ఏ సంబంధమూ లేని ఆ టైమర్‌ను కూడా ఎవరో ఓపిగ్గా రాసిపెట్టాల్సి వచ్చింది.